పొడుగు గీత, పొట్టి గీత

మా ఇంట్లో ఏ వస్తువు కనిపించకపోయినా "అమ్మ రాయి అయిపోయింది" అనటం మా ఆయనకి అలవాటు. తాళంచెవి కనపడకపోతే అమ్మ రాయి. గొడుగు బస్సులో మరిచిపోయి వస్తే అమ్మ రాయి. ఆ మాటకి అత్తయ్య కూడా నవ్వేది. పెళ్ళయిన కొత్తలో నేనూ నవ్వాను. ఆ నవ్వు ఎవరి మీదో తెలిశాక మానేశాను.

సంగతేమిటంటే, అత్తయ్య ఒకప్పుడు కొండ మీది అబ్జర్వేటరీలో కొలతల పని చేసేది. రాత్రిపూట టెలిస్కోపుతో ఆకాశాన్ని గాజు పలకల మీద ఫొటో తీసేవారు. పగలు అత్తయ్యలాంటి ఆడవాళ్ళు నలుగురు ఆ పలకల్ని భూతద్దం కింద పెట్టి, చుక్కకీ చుక్కకీ మధ్య దూరాలు కొలిచేవారు. ముప్పై నాలుగేళ్ళ కిందట ఒకరోజు ఆవిడకి ఎవరి జాబితాలోనూ లేని గ్రహశకలం ఒకటి కనపడింది. లెక్క కట్టి ఇచ్చింది. ఆ లెక్క నమ్మి పై అధికారి నలుదిక్కులా టెలిగ్రాములు కొట్టించాడు. ఆవిడ చెప్పిన చోట ఎంతమంది ఎన్ని రాత్రులు వెతికినా ఏమీ దొరకలేదు. పలక మీది ఫొటో మందు చెదిరి పడ్డ గీతని చూసి రాయి అనుకుందని చివరికి తేల్చేశారు. నాలుగు నెలలు తిరక్కుండా అత్తయ్య ఉద్యోగం మానేసింది. పదకొండేళ్ళు ఒక్క తప్పు లేకుండా కొలిచిన మనిషికి "రాయి పోగొట్టుకున్నావిడ" అన్న పేరు మాత్రం మిగిలింది.

ఆ వేసవిలో ఆ పలకలన్నీ నా చేతికొచ్చాయి.

నేను పనిచేసే కళ్ళజోళ్ళ దుకాణం అప్పుడే మూతపడింది. అబ్జర్వేటరీ పాత భవనం ఖాళీ చేస్తున్నారని, వానలు మొదలయ్యేలోపు పదకొండు వేల పలకల్ని తుడిచి కంప్యూటర్లోకి ఎక్కించాలని, మూడు నెలల పనికి మనుషులు కావాలని ప్రకటన చూసి వెళ్ళాను. అక్కడ పలకల గదికి పెద్ద ఒకాయన ఉన్నాడు. మెడలో దారానికి భూతద్దం వేలాడేసుకుని తిరుగుతాడు, భోజనం చేసేటప్పుడు కూడా తియ్యడు. అందరూ ఆయన్ని భూతద్దంగారనే అంటారు.

"గాజు తుడవటం వచ్చా?" అని అడిగాడాయన.

"నాలుగేళ్ళు అదే చేశానండీ. తుడిచాక కూడా కనపడటం లేదని తిట్టేవాళ్ళ చేత తిట్లు కూడా తిన్నాను."

ఆయన నవ్వలేదు గాని పని ఇచ్చాడు. ఇంటికొచ్చి చెబితే అత్తయ్య కూర తరుగుతూ తల ఎత్తలేదు.

"వెళ్ళు. గీతలు పడకుండా చూసుకో. అక్కడి కబుర్లు మాత్రం నాకు మోసుకురాకు," అంది.

"మీ గురించి అడిగితే ఏం చెప్పమంటారు?"

"చచ్చిపోయానని చెప్పు."

"అంత తేలిగ్గా నమ్మరు అత్తయ్యా. నా మొహంలో ఆ సంతోషం కనపడాలి కదా."

ఆవిడ కత్తి పక్కన పెట్టి నవ్వింది. మేమిద్దరం అలా కీచులాడుకుంటూనే కలిసి ఉండేవాళ్ళం. మా ఆయన లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. ఇంటికొచ్చి మా ఇద్దరి గొంతులూ వినపడకపోతే ఏం జరిగిందోనని కంగారుపడేవాడు.

పలకకి రెండు వైపులు. ఒకవైపు మందు పూసి ఉంటుంది, అటు చెయ్యి తగలకూడదు. రెండోది వట్టి గాజు. కొలతల ఆడవాళ్ళు తమ గుర్తులన్నీ సిరాతో ఆ వట్టి గాజు మీదే పెట్టేవారు. మా పనల్లా ముందు గుర్తులతో సహా ఒక ఫొటో తీసి, తరవాత స్పిరిట్లో ముంచిన దూదితో ఆ సిరా తుడిచెయ్యటం. ఆకాశం ఒక్కటే మిగిలాక స్కానింగుకి పంపటం. ఆకాశం అంటే నల్లటిది కాదు, తెల్లటి గాజు మీద నల్లటి చుక్కలు. మొదటివారం నాకు ఈగలు వాలిన అద్దాలు తుడుస్తున్నట్టే ఉండేది.

నలుగురు ఆడవాళ్ళకీ నాలుగు రంగుల సిరాలు. అత్తయ్యది ఆకుపచ్చ. అందరూ సున్నా చుట్టేవారు, అత్తయ్య బాణం వేసేది. అంటే కనపడింది ఎటు పోతోందో అటు. ఈ పోవటం సంగతి నాకు భూతద్దంగారు ఒక మధ్యాహ్నం టీ తాగుతూ వివరించాడు. టెలిస్కోపు చుక్కల వెంట తిరుగుతుంది కాబట్టి చుక్కలు చుక్కల్లాగే పడతాయి. గ్రహశకలం తన దారిన తను జరుగుతుంది కాబట్టి చిన్న గీతలా పడుతుంది. అయితే ఒట్టి గీతని చూసి ఏ కొసన మొదలైందో చెప్పలేం. అందుకని వాళ్ళకో పద్ధతి ఉండేది. ముందు నలభై నిమిషాలు టెలిస్కోపు మూత తెరిచి ఉంచి, ఐదు నిమిషాలు మూసి, మళ్ళీ పది నిమిషాలు తెరిచేవారు. అప్పుడు పలక మీద పొడుగు గీత ఒకటి, కాస్త ఎడంగా పొట్టి గీత ఒకటి పడతాయి.

"పొడుగు ముందు, పొట్టి తరవాత. పొడుగు నుంచి పొట్టి వైపు బాణం. ఈ గదిలో చేరినవాళ్ళకి మొదటిరోజు నేర్పేది ఇదే," అన్నాడాయన.

కబుర్లు మోసుకురావద్దన్న అత్తయ్య, వారం తిరగ్గానే నేను గుమ్మంలో చెప్పులు విప్పుతుండగా అడగటం మొదలుపెట్టింది.

"ఇవాళ ఏ సంవత్సరం?"

ఆ రోజు ఏ సంవత్సరం పలకలు తుడిచానో చెప్పేదాన్ని. ఆవిడ ఇంకేమీ అడిగేది కాదు. ఆవిడ చేరిన సంవత్సరం వచ్చింది, మా ఆయన పుట్టిన సంవత్సరం వచ్చింది. ఎండలు ముదిరేకొద్దీ ఆ ఒక్క సంవత్సరం దగ్గరికొస్తోంది. దాని గురించి నేను ఎత్తలేదు, ఆవిడా ఎత్తలేదు. ఒకరోజు మాత్రం, "ఇంకా ఎన్ని పెట్టెలున్నాయి?" అని అడిగి, నేను జవాబు చెప్పేలోపు వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఆ పలక వచ్చినప్పుడు నేను దాన్ని ముందు గుర్తుపట్టలేదు. కాగితం కవరు మీద ఎవరో ఎర్ర పెన్సిలుతో "రద్దు" అని రాసి ఉంది. లైటు బల్ల మీద పెడితే పలక మొత్తంలో ఒకే ఒక్క ఆకుపచ్చ బాణం. దాని కింద భూతద్దం పెట్టి చూస్తే సన్నటి వెంట్రుకముక్కలాంటి పొడుగు గీత, పక్కన పొట్టి గీత. మందు చెదిరితే అంత శుభ్రంగా రెండు గీతలు ఒకే దారిలో ఎందుకు పడతాయని నాకే అనుమానం వచ్చింది. కొలతలు రాని దాన్ని నాకే వస్తే, అంత చదువుకున్న పై అధికారికి ఎందుకు రాలేదో మరి. టెలిగ్రాములు కొట్టించి నవ్వులపాలైనవాడికి ఎవరో ఒకరి మీద తోసెయ్యటం అవసరమై ఉంటుంది.

భూతద్దంగార్ని పిలిచాను.

"ఈ బాణం మా అత్తయ్యదండీ. రాయి పోగొట్టుకున్నావిడ అంటారే, ఆవిడ నా అత్తగారు."

ఆయన నా వైపు ఒకసారి చూసి, పలక తేదీ, గంట, నిమిషం కంప్యూటర్లో కొట్టాడు. ఆ క్షణాన ఆకాశంలో ఆ ముక్కలో ఉండాల్సిన గ్రహశకలాలన్నిటినీ చూపించే ఏర్పాటు అందులో ఉంది. తెర మీద ఒక్క నంబరు వచ్చింది. సరిగ్గా గీత మీద.

"ఉంది," అన్నాడాయన.

"ఏముంది?"

"రాయే. అంగారకుడికీ గురుడికీ మధ్య లక్షల కొద్దీ తిరుగుతుంటాయి, వాటిల్లో ఒకటి. ఆరేడు కిలోమీటర్లుంటుంది. రాతి రకం. మామూలుది. మేడమ్‌గారు చూసిన తొమ్మిదేళ్ళకి ఇంకెవరో చూసి జాబితాలో నంబరు వేయించుకున్నారు."

నాకు కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి, దాంతోపాటు కోపమూ వచ్చింది. మామూలుదట. ఇన్నేళ్ళు తలవంచుకు తిరిగినందుకు కనీసం బంగారు కొండయినా కాకూడదా అనిపించింది.

"మరెందుకు దొరకలేదు?"

"అదే చూస్తున్నా. ఇది పడమరకి పోతోంది. ఆ కాలంలో, ఆ దిక్కున ఇలాంటి మామూలు రాళ్ళన్నీ పడమరకే జరుగుతాయి. మేడమ్‌గారి బాణం తూర్పుకి ఉంది. తూర్పుకి పోతోందంటే భూమికి దగ్గరగా తిరిగే అరుదైన రకమని అనుకుని ఉంటారు, అందుకే అన్ని టెలిగ్రాములు. అందరూ తూర్పున వెతికారు. ఇది తన మానాన తను పడమరకి పోయింది." ఆయన భూతద్దం తీసి తుడుచుకున్నాడు. "కానీ బాణం తప్పు కాదమ్మా. పొడుగు నుంచి పొట్టికే వేశారు. పద్ధతి ప్రకారమే వేశారు."

సాయంత్రం నేను ఇల్లు చేరేసరికి అత్తయ్య డాబా మీద దుప్పట్లు తీస్తోంది. రెండో కొస పట్టుకున్నాను.

"ఇవాళ ఏ సంవత్సరం?"

"మీ సంవత్సరమే."

దుప్పటి మడత మధ్యలో ఆగింది. కొస వదల్లేదు.

"దొరికిందా?"

"పలకా దొరికింది, రాయీ దొరికింది. ఉందటత్తయ్యా. నంబరు కూడా ఉందట."

ఆవిడ దుప్పటి అంచు వేళ్ళతో సరిచేసింది. తరవాత, "పడమరకి కదూ?" అంది.

"మీకెలా తెలుసు?"

"గొడవంతా అయిన నెలకి తెలిసింది. పిల్లాణ్ణి పడుకోబెట్టి వంటింట్లో కూర్చుని మళ్ళీ లెక్కవేశాను. తూర్పుకి అనుకుంటే ఏ లెక్కా కుదరదు. తిరగేసి పొట్టి గీత ముందు పడిందనుకుంటే శుభ్రంగా కుదిరింది. మామూలు రాయి. అంటే ఆ రాత్రి ముందు పది నిమిషాలు తెరిచి, తరవాత నలభై తెరిచారు."

"ఎవరు తెరిచారు?"

"ఇంకెవరు? మీ మామయ్య."

మామయ్యగారు రాత్రిపూట టెలిస్కోపు దగ్గర పనిచేసేవారని నాకు తెలుసు. నేను ఈ ఇంటికొచ్చే ఏడాది ముందే ఆయన పోయారు. ముప్పై ఏళ్ళ సర్వీసులో ఒక్క మచ్చ లేదని మా ఆయన వందసార్లు చెప్పి ఉంటాడు.

"మరి చెప్పలేదా?"

"ఏమని చెప్పను? అప్పటికి ఆయనది టెంపరరీ. మాట వస్తే తీసేసేవారు. అసలు తనేం చేశారో ఆయనకే తెలీదు. ఏ నిద్రమత్తులోనో జరిగి ఉంటుంది. నేను చెప్పి ఉంటే మరుక్షణం వెళ్ళి తప్పు నాదని ఒప్పుకునేవారు. అలాంటి మనిషి. అందుకే చెప్పలేదు." దుప్పటి నా చేతిలోంచి లాక్కుని తనే మడతపెట్టింది. "నేను కొలిచిన ప్రతి పలకా మళ్ళీ ఇంకొకరి చేత కొలిపించేవారు. పదకొండేళ్ళు కొలిచాక. అది చూస్తూ కూర్చోలేక మానేశాను. వాడికి చెప్పకు."

వాడంటే మా ఆయన. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని ఆవిడ భయం. నేను మాత్రం ఆవిడ మొహమే చూస్తూ నిలబడ్డాను. మొగుడి ఉద్యోగం కాపాడి, తన ఉద్యోగం వదులుకుని, కొడుకు చేత అమ్మ రాయి అమ్మ రాయి అనిపించుకుంటూ పక్కన కూర్చుని నవ్విన మనిషి.

మర్నాడు భూతద్దంగారితో చెప్పాను. మామయ్యగారి ఊసెత్తకుండా, పొట్టి గీత ముందు పడి ఉంటుందని అత్తయ్య అంటోందని మాత్రం అన్నాను.

"నాకూ అదే అనిపించింది. కాగితం ఉందా?" అన్నాడాయన.

"ఏం కాగితం?"

"ఇది గ్రహశకలాల జాబితా చూసే పై ఆఫీసుకి పంపాలమ్మా. ఆ రాయిని అందరికంటే ముందు చూసింది ఈ పలకే. పంపితే మేడమ్‌గారి పేరు ఎక్కుతుంది. కానీ ఏ గీత ఎన్నింటికి పడిందో రాయాలి. లాగ్‌బుక్కులో చూశాను, ముందు నలభై తరవాత పది అనే ఉంది. అది అచ్చులో ముందే ఉంటుంది, రాత్రి పనివాళ్ళు టిక్కు పెడతారంతే. తారుమారైందని ఆకాశం చెప్తోంది, నిజమే. ఆకాశం సంతకం పెట్టదు కదా."

మెట్ల కింద రేకు పెట్టెలో రాత్రి పనివాళ్ళ చిత్తు పుస్తకాలు ఉన్నాయని, వాటికి నంబర్లు లేవు కాబట్టి నెలాఖరుకి పాత కాగితాల కింద పోతాయని ఆయనే చెప్పాడు. మూడురోజులు మధ్యాహ్నం భోజనం మానేసి ఆ పెట్టె ముందు కూర్చున్నాను. మబ్బు, గాలి, చలి, మూత బిగిసింది, నూనె వెయ్యాలి. అన్నిట్లోనూ ఇదే గోల. మూడోరోజు మామయ్యగారి రాత కనిపించింది. మా ఆయన చదువుకున్నప్పటి పుస్తకాల మీద పేర్లన్నీ మామయ్యగారే రాసేవారు, అందుకని ఆ గుండ్రటి అక్షరాలు నేను ఎరుగుదును.

ఆ తేదీ కింద పెన్సిలుతో ఇలా ఉంది: "మబ్బు వస్తూ పోతూ ఉంది. తెరిపి ఎంతసేపుంటుందో తెలియక ముందు 10 తీశాను, తరవాత 40. లాగ్‌బుక్కులో మార్చాలి."

నాకు ఎగిరి గంతేసినంత పనైంది. కావలసిన కాగితం దొరికింది. అక్కడితో ఆపి పుస్తకం మూసి ఉంటే బాగుండేది. పేజీ తిప్పాను.

పన్నెండు రోజుల తరవాత: "మార్చలేదు. ఆవిడ లెక్క తప్పలేదు, నా వల్లే. చెప్పాలి."

రెండు పేజీలు దాటాక: "చెప్పాలి."

ఇంకో నెలకి: "పర్మనెంటు కాగితాలు త్వరలో వస్తాయంటున్నారు. వచ్చాక చెప్పాలి."

అక్కడి నుంచి చాలా రోజులు గాలి సంగతీ మబ్బు సంగతీ. ఆ తరవాత ఒకరోజు: "పర్మనెంటు అయింది." దాని తరవాత రెండురోజులు పేజీలో ఏమీ రాయలేదు. మూడోరోజు: "ఇవాళ రాజీనామా ఇచ్చింది. గాలి ఎక్కువ. మూత తెరవలేదు."

ఆ మెట్ల కిందే కూర్చుండిపోయాను. ఏడుపు రాలేదు. పైన ఎవరో పలకల పెట్టె లాగుతున్న చప్పుడు వింటూ పుస్తకం నా సంచీలో దాచుకున్నాను.

అడకత్తెరలో పోకచెక్క అంటే ఏమిటో నాకు ఆ రెండురోజులూ తెలిసింది. పుస్తకం ఇస్తే అత్తయ్య పేరు నిలబడుతుంది. కానీ అది చూపిస్తే, చెప్పి ఉంటే మరుక్షణం ఒప్పుకునేవారని ఆవిడ ఇన్నేళ్ళు నమ్మిన మొగుడు పోతాడు. ఆయన ఒకసారి పోయారు, మళ్ళీ నా చేతుల మీదుగా పోవాలా? ఆ ఒక్క పేజీ చించి తీసుకుందామా అనుకున్నాను. చించిన పేజీ పనికిరాదని భూతద్దంగారు ముందే అన్నాడు. ఆ రాత్రి భోజనాల దగ్గర మా ఆయన ఎందుకో నాన్నగారి మాట ఎత్తాడు. ఆయన రాసిన కాగితంలో కొట్టివేత అన్నది ఉండేది కాదని మురిసిపోయాడు.

"కొట్టివేతలు లేకపోతే గొప్పేమిటి? రాయాల్సింది రాయకపోతే కొట్టేసేందుకు ఏముంటుంది?" అన్నాను.

మా ఆయన తెల్లబోయి చూశాడు. అత్తయ్య నా వైపు చూసింది, కంచంలోకి చూసుకుంది, భోజనం ముగించింది. నేను గిన్నెలు తోముతుంటే నా పక్కకొచ్చి నిలబడింది.

"ఏం దొరికింది నీకు?" అంది.

"ఏమీ లేదత్తయ్యా."

"అబద్ధం చెప్పేటప్పుడు గిన్నె అంత గట్టిగా తోమకు. అరిగిపోతుంది. రేపు నేనూ వస్తాను."

వచ్చింది. ముప్పై నాలుగేళ్ళ తరవాత ఆ గుమ్మంలో అడుగుపెట్టి, ఎక్కడ ఏ బల్ల ఉండేదో ఒకసారి చుట్టూ చూసుకుంది. భూతద్దంగారు లేచి నిలబడి కుర్చీ లాగాడు. ఆవిడ కూర్చోలేదు. పలకని నేను పట్టుకున్నట్టు వేళ్ళతో కాదు, రెండు అరచేతుల మధ్య అంచులు ఆనించి ఎత్తి లైటు బల్ల మీద పెట్టింది. ఆయన మెడలో భూతద్దం తీసిస్తే వంగి చూసింది.

"గీత బాగుంది. ఎంత శుభ్రంగా ఉందో చూశారా? దీన్ని మందు మరక అన్నారు," అంది.

ఆవిడ మొహంలో అంత వెలుగు నేనెప్పుడూ చూడలేదు. అది చూశాక పుస్తకం ఇవ్వకూడదనే అనుకున్నాను. ఆవిడే చెయ్యి చాపింది.

"ఇలా ఇవ్వు, ఆ సంచీలో ఉన్నదేదో."

ఇచ్చాను. నిలబడే చదివింది. ఒకసారి చదివి, వెనక్కి తిప్పి మళ్ళీ చదివింది. భూతద్దంగారు ఏదో పని ఉన్నట్టు బయటికి వెళ్ళిపోయాడు.

"పర్మనెంటు అయిన రోజుకీ నేను మానేసిన రోజుకీ మధ్య రెండురోజులు," అంది.

"అవునత్తయ్యా."

"ఆ రెండురోజులూ సెలవు పెట్టి ఇంట్లోనే ఉన్నారు. ఒంట్లో బాగాలేదన్నారు. రాజీనామా కాగితం నేను వంటింట్లో కూర్చుని రాశాను. ఏమైనా తప్పులున్నాయేమో చూసిపెట్టండని ఆయనకే ఇచ్చాను."

"చూశారా?"

"చూశారు. ఒక అక్షరం దిద్దారు."

అప్పుడు కూర్చుంది. నేను ఆవిడ భుజం మీద చెయ్యి వేస్తే తీసెయ్యలేదు. "నీళ్ళిస్తావా?" అంది. తాగి, గ్లాసు పలకలకి దూరంగా పెట్టమని నాకు చెప్పి, ఆ పుస్తకం తన చేత్తోనే తీసుకెళ్ళి భూతద్దంగారి బల్ల మీద పెట్టింది.

పైకి పంపే కాగితం తయారవటానికి వారం పట్టింది. ఆ వారమంతా అత్తయ్య ఇంట్లో మామూలుగానే ఉంది. ఏ సంవత్సరమని అడగటం మాత్రం మానేసింది. ఒకరోజు నేను తిరిగొచ్చేసరికి మామయ్యగారి చొక్కాలున్న పెట్టె తెరిచి, అన్నీ చుట్టూ పరుచుకుని కూర్చుని ఉంది. మళ్ళీ మడతలు పెట్టి అందులోనే సర్దేసింది.

శనివారం భూతద్దంగారు నా చేతికి చిత్తు కాగితం ఇచ్చాడు.

"అప్పట్లో ఎందుకు దొరకలేదో ఒక వాక్యం రాయాలమ్మా. రెండు రకాలుగా రాశాను. పైది మర్యాదగా ఉంటుంది. కిందది ఉన్నదున్నట్టు. మేడమ్‌గారు ఏది ఉంచమంటే అదే పంపుతాను," అన్నాడు.

కాగితం భోజనాల బల్ల మీద పెట్టాను. మా ఆయన చదివాడు. అప్పటికే అత్తయ్య అతనికి అంతా చెప్పేసింది, తనే పిలిచి, ఎదురుగా కూర్చోబెట్టుకుని, పాలవాడికి లెక్క చెప్పినంత నిదానంగా చెప్పింది. ఆ రోజు నుంచీ అతను సరిగ్గా మాట్లాడటం లేదు. ఎవరి మీద కోపమో అతనికే తెలిసినట్టు లేదు.

పై వాక్యం: "దిశను నిర్ణయించటంలో అప్పట్లో పొరపాటు జరిగింది."

కింది వాక్యం: "ఫొటో తీసిన వ్యక్తి క్రమం మార్చి, ఆ మార్పును లాగ్‌బుక్కులో రాయలేదు. కొలతలో, లెక్కలో తప్పు లేదు."

"పైది సరిపోతుంది కదమ్మా. ఎవరి పొరపాటని అందులో లేదు," అన్నాడు మా ఆయన.

"ఎవరిదని లేకపోతే నాదనే అనుకుంటారు. ఇన్నేళ్ళూ అలాగే అనుకున్నారు."

"నాన్న భయపడి ఉంటాడమ్మా."

"భయపడ్డారు. నేనూ భయపడ్డాను. ఇద్దరం భయపడితే ఉద్యోగం నా ఒక్కదానిదే పోయింది." కళ్ళజోడు సరిచేసుకుని, కింది వాక్యం పక్కన "ఉంచండి" అని రాసింది. "ఆయన మంచివారు కాదని నేననటం లేదురా. నాకు జ్వరమొస్తే రాత్రంతా మేలుకుని కూర్చునేవారు. అది వేరు, ఇది వేరు."

మా ఆయన ఆ కాగితాన్ని తన వైపు లాక్కున్నాడు. చదవటానికి కాదు, ఊరికే చేతిలో ఉంచుకోవటానికి.

"ఇప్పుడెందుకమ్మా ఇదంతా? నాన్న లేడు కదా."

అత్తయ్య కొడుకు చేతిలోంచి కాగితం మెల్లగా తీసుకుంది.

"నేనున్నాను కదరా," అంది.